కొత్త ముద్దకు జంకు: హనుమకొండ హాస్టళ్లలో మా ప్రాజెక్టు డైరీ

నవంబరు 18

మా గైడ్ మేడమ్ ఈ రోజు ప్రాజెక్టు అంశానికి సమ్మతించారు. కొత్త ఆహారం అంటే విద్యార్థుల్లో ఉండే జంకుకూ, వాళ్ల మానసిక క్షేమానికీ సంబంధం ఉందా, ఉంటే అది ఎటువంటిది అన్నది మా ప్రశ్న. ఆహార పోషణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చివరి సంవత్సరం చదువుతున్న ముగ్గురం కలిసి ఈ పని చేస్తున్నాం. హనుమకొండలో మా విశ్వవిద్యాలయ హాస్టళ్లు, నయీంనగర్ చుట్టుపక్కల ఉన్న ప్రైవేటు హాస్టళ్లు మా పరిధి.

ఈ అంశం నేనే ఎంచుకున్నాను. నిరుడు నా పక్క గదిలో తాడ్వాయి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి చేరింది. మొదటి నెలంతా అన్నం, మామిడికాయ తొక్కు, మజ్జిగ తప్ప ఆమె ఇంకేదీ ముట్టలేదు. మెస్సులో పనీరు కూర, ఫ్రైడ్ రైస్ పెట్టిన రోజున అందరిలాగే పళ్లెంలో వేయించుకొని, కాసేపు కెలికి, తీసుకెళ్లి తొట్టిలో వేసేది. నఖరాలు చేస్తున్నదని తోటివాళ్లు అన్నారు, నేనూ అదే అనుకున్నాను. దసరా సెలవులకు ఇంటికి వెళ్లిన ఆ అమ్మాయి తిరిగి రాలేదు. తిండి వల్లనే రాలేదని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. కానీ అన్ని రోజుల్లో ఒక్కసారైనా ఎవరమూ ఆమెను "ఎందుకు తింటలేవు?" అని అడగలేదన్నది మాత్రం నాకు బాగా గుర్తుంది.

నవంబరు 22

నాలుగు రోజులుగా చదువుతూనే ఉన్నాం. కొత్త తిండిని చూసి వెనుకాడడం ఒక లోపం కాదని మొదట అర్థమైన విషయం. మనిషి అన్నీ తినగల జీవి కాబట్టి కొత్తది వెతుక్కోక తప్పదు, అందులో విషం ఉండవచ్చు కాబట్టి జంకకా తప్పదు. పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల నుంచి ఈ చిక్కు గురించే రాస్తూ వచ్చారు. పిల్లలు నడక నేర్చి, చేతికందిందల్లా నోట్లో పెట్టుకోగల వయసుకు రాగానే ఈ జంకు పెరుగుతుంది, రెండు నుంచి ఆరేళ్ల మధ్య అది ఎక్కువగా కనిపిస్తుంది, తర్వాత క్రమంగా తగ్గుతుంది. బ్రిటన్‌లో 8 నుంచి 11 ఏళ్ల కవల పిల్లల మీద జరిగి 2007లో వెలువడిన అధ్యయనం, పిల్లకూ పిల్లకూ మధ్య ఈ జంకులో కనిపించే తేడాలో 78 శాతం జన్యువుల వంతు అని లెక్కగట్టింది. అంటే మెస్సులో పళ్లెం ముందు బిగుసుకుపోయిన అమ్మాయిని మొండిదనడం, ఎత్తు తక్కువగా ఉన్నందుకు ఒకరిని తప్పుపట్టడం వంటిదే.

విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో ఈ జంకునూ జీవిత సంతృప్తినీ కలిపి చూసిన పరిశోధనలు చిలీ దేశం నుంచి ఎక్కువగా కనిపించాయి, వాటిలో బెర్టా ష్నెట్లర్ బృందం పేరు పదేపదే వస్తుంది. ఇల్లు విడిచి వచ్చిన వయసు, వంట చేతకాని వయసు, ఎవరో వండిపెట్టింది తినక తప్పని రోజులు: అక్కడి విద్యార్థి గురించి చదువుతుంటే మన హాస్టల్ విద్యార్థే గుర్తుకు వస్తున్నాడు.

నవంబరు 29

మేము వాడబోయే కొలత 1992లో ప్యాట్రిసియా ప్లైనర్, కరెన్ హోబ్డెన్ కెనడాలో తయారుచేసిన ప్రశ్నావళి. అందులో 10 వాక్యాలు ఉంటాయి, ఒక్కొక్కదానికి ఎంత మేరకు ఒప్పుకుంటామో 1 నుంచి 7 వరకు గుర్తు పెట్టాలి. మొత్తం 10 నుంచి 70 లోపు వస్తుంది, ఎంత ఎక్కువ వస్తే జంకు అంత ఎక్కువ. పది వాక్యాలను తెలుగు చేయడానికి ఒక సాయంత్రం చాలుననుకున్నాం, వారం పట్టింది.

మొదటి చిక్కు "భయం" అన్న మాటతోనే వచ్చింది. ఎన్నడూ తినని వాటిని తినాలంటే నాకు భయం అని రాసి, పక్క విభాగంలోని నలుగురు అబ్బాయిలకు చూపితే నలుగురూ నవ్వి 1 దగ్గర గుర్తు పెట్టారు. తిండికి భయపడతానని ఒప్పుకునే మగపిల్లవాడు దొరకడం కష్టం. అదే వాళ్లలో ఒకరు మాటల మధ్యలో "చేపల పులుసంటే తింట గని, ఆ పీతలు గీతలంటే జర బుగులైతది" అన్నాడు. బుగులు అంటే మా ప్రాంతంలో భయమే, కానీ ఆ మాట చెప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. అయితే నిజామాబాద్ నుంచి భూపాలపల్లి దాకా అందరికీ తెలిసిన ఆ మాట, గుంటూరు నుంచి వచ్చి చదువుకుంటున్న విద్యార్థికి తెలియకపోవచ్చు. చివరకు "జంకు" దగ్గర ఆగాం.

రెండో చిక్కు విందు గురించిన వాక్యం. విందుకు వెళ్లినప్పుడు కొత్త వంటకం రుచి చూస్తాను అన్న భావాన్ని మేము దావత్ అని రాశాం. కానీ మన దావత్‌లో బగారా అన్నం, మటన్ కూర, పచ్చి పులుసు ఉంటాయి, అక్కడ కొత్తది ఎదురుకావడమే అరుదు. తెలిసినదాన్ని కడుపునిండా తినడానికే దావత్‌కు పోతాం. కాబట్టి "స్నేహితుల ఇంటికి భోజనానికి వెళ్లినప్పుడు" అని మార్చాం.

అన్నింటికన్నా ఎక్కువ సేపు కూర్చోబెట్టింది, తినే విషయంలో నేను చాలా ఎంచుతాను అన్న అర్థం వచ్చే వాక్యం. మొదట "నాకు తిండి విషయంలో పట్టింపు ఎక్కువ" అని రాశాం. వినడానికి చక్కగా ఉంది. కానీ పట్టింపు అన్న మాట వినగానే మనకు శనివారం మాంసం ముట్టకపోవడం, మాల వేసుకున్నప్పటి నియమాలు, ఎవరింట్లో తినాలి ఎవరింట్లో తినకూడదు అన్న పాత లెక్కలు అన్నీ గుర్తుకు వస్తాయి. ఒక అమ్మాయి 7 దగ్గర గట్టిగా గుర్తు పెట్టి, "మేము ఉల్లిగడ్డ గూడ తినం అక్కా" అని చెప్పింది. అది ఆమె ఇంటి ఆచారం, దాన్ని జంకు కింద జమ కట్టడం అన్యాయం. "దాదాపు ఏదైనా తింటాను" అన్న వాక్యానికి కూడా శాకాహారులంతా ఇలాగే తప్పు పక్కకు వెళ్తారు. అందుకని ప్రశ్నావళి పైభాగంలో, మీ ఇంటి ఆచారం, మీ మత నియమాలు అనుమతించే ఆహారాన్ని మాత్రమే మనసులో పెట్టుకొని జవాబు చెప్పండి అని ఒక సూచన చేర్చాం. పట్టింపు స్థానంలో "తెలిసిన కొన్ని వంటకాలే ఎంచుకొని తింటాను" అని రాశాం. మాట మారితే కొలత కూడా ఎంతో కొంత మారుతుందని, మార్చిన ప్రతి చోటునూ కారణంతో సహా రాసి పెట్టుకోవాలని మేడమ్ హెచ్చరించారు. ఈ డైరీని ఇంత వివరంగా రాయడానికి అది కూడా ఒక కారణం.

డిసెంబరు 6

మూల ప్రశ్నావళిని చూడని ఒక ఇంగ్లీషు అధ్యాపకురాలు మా తెలుగును తిరిగి ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చారు. తొమ్మిది వాక్యాలు దగ్గరగా వచ్చాయి. పరాయి ప్రాంతాల తిండి గురించిన వాక్యం మాత్రం విదేశీ వంటకాలు అని తిరిగి వచ్చింది. పరాయి అన్న మాట దగ్గరే ఉంది తేడా. టొరంటోలో కూర్చొని రాసినవాళ్లకు తమది ఏదో, వలస వచ్చినవాళ్లది ఏదో స్పష్టంగా ఉండి ఉంటుంది. ఆసిఫాబాద్ గూడెం నుంచి వచ్చిన విద్యార్థికి మెస్సులో పెట్టే సాంబారే పరాయిది, హైదరాబాదులో పెరిగిన విద్యార్థికి ఇప్పపువ్వు పరాయిది. "మా ఇంట్లో ఎన్నడూ వండని, వేరే ప్రాంతాల వంటకాలు" అని తేల్చాం. పొడుగైనా తప్పదు.

డిసెంబరు 13

పన్నెండు మందితో మొదటి పరీక్ష చేశాం. ఒక్కొక్కరి పక్కన కూర్చొని, చదువుతూ మనసులో అనుకున్నదంతా పైకి చెప్పమన్నాం. "కొంచెం ఒప్పుకుంటాను", "కొంచెం ఒప్పుకోను" అన్న రెండింటి మధ్య చాలా మంది తడబడ్డారు, అందుకే అంకెల కింద మాటలతో పాటు ఒక గీత గీసి రెండు కొసల్నీ చూపించాం.

సాయంత్రం లెక్క వేస్తుంటే ఒక కాగితం ఆశ్చర్యపరిచింది. మా బ్యాచ్‌లో దేన్నైనా ముందుగా నోట్లో వేసుకునే అమ్మాయికి మా పట్టికలో జంకు ఉండవలసినదానికన్నా బాగా ఎక్కువ అని వచ్చింది. వెతికితే తప్పు నాదే. పది వాక్యాల్లో ఐదు జంకును చెబుతాయి, మిగిలిన ఐదు కొత్తదనం మీద ఇష్టాన్ని చెబుతాయి. ఇష్టాన్ని చెప్పే వాక్యాలకు వచ్చిన అంకెను 8 లోంచి తీసివేసి తిప్పి రాసుకోవాలి, 7 పెడితే 1 అవుతుంది, 2 పెడితే 6 అవుతుంది. ఆ తిప్పడం నేను ఐదింటిలో మూడింటికే చేశాను. సరిచేశాక ఆమె అంకె ఉండవలసిన చోటికి వచ్చింది.

ఈ తిప్పుడు ఎందుకు పెట్టారో కూడా అప్పుడే తెలిసింది. చదవకుండా అన్నింటికీ 7 పెట్టుకుంటూ పోయినవాళ్లకు ఐదు ఏడ్లు 35, తిప్పిన ఐదు ఒకట్లు 5, మొత్తం 40 వస్తుంది. అన్నింటికీ 1 పెట్టినా అదే 40. సరిగ్గా నడిమి అంకె. కాబట్టి 40 వచ్చిన ప్రతి కాగితాన్నీ విడిగా తీసి, గుర్తులన్నీ ఒకే నిలువు వరుసలో ఉన్నాయేమో చూడాలని నియమం పెట్టుకున్నాం. పన్నెండింటిలో అటువంటిది ఒకటి దొరికింది. దాన్ని పక్కన పెట్టాం.

జనవరి 4

క్షేమాన్ని కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో తెచ్చిన ఐదు వాక్యాల సూచికను తీసుకున్నాం. గత రెండు వారాల్లో ఉల్లాసంగా ఉన్నానా, ప్రశాంతంగా ఉన్నానా, చురుకుగా ఉన్నానా, తెరిపిగా నిద్ర లేచానా, రోజువారీ జీవితంలో నాకు ఆసక్తి కలిగించేవి ఉన్నాయా అన్నవి ఆ ఐదు. ఒక్కొక్కదానికి 0 నుంచి 5, మొత్తం 25, దాన్ని 4తో గుణిస్తే వందకు లెక్క వస్తుంది. దీనితో పాటు 2007లో క్లాస్ గ్రూనర్ట్ బృందం తయారుచేసిన, తిండికి సంబంధించిన సంతృప్తిని అడిగే ఐదు వాక్యాలను కూడా చేర్చాం. జీవితం మొత్తం మీద సంతృప్తి వేరు, తిండి మీద సంతృప్తి వేరు. ఇంటి బెంగతో ఉన్నవాళ్లకు మొదటిది తగ్గవచ్చు, మెస్సు బాగాలేనివాళ్లకు రెండోది తగ్గవచ్చు. ఈ రెండింటినీ కలిపేస్తే జంకు ఎక్కడ పనిచేస్తున్నదో కనిపించదు.

రెండు వారాలు అన్న మాట వల్ల తేదీలు మార్చుకోవలసి వచ్చింది. సెమిస్టర్ పరీక్షల ముందు అడిగితే ఎవరూ తెరిపిగా నిద్ర లేచామని చెప్పరు, సంక్రాంతి సెలవుల నుంచి వచ్చిన మరునాడు అడిగితే అందరూ ఉల్లాసంగానే ఉంటారు. ఫిబ్రవరి మూడో వారంలో అసలు సర్వే అని నిర్ణయించుకున్నాం.

పరిశోధనలకు అనుమతి ఇచ్చే నైతిక సంఘం ముందు పెట్టిన పత్రాల్లో, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం అంగీకార పత్రాన్ని తెలుగులో రాశాం. క్షేమ సూచికలో ముడి స్కోరు, అంటే 25కు వచ్చే అంకె, 13 కంటే తక్కువ వచ్చిన విద్యార్థి కుంగుబాటులో ఉండే అవకాశం ఉంది కాబట్టి, అటువంటివారిని ఏం చేస్తారని వాళ్లు సూటిగా అడిగారు. మంచి ప్రశ్న. లెక్క వేసి ఊరుకోవడం మాకు కూడా ఇష్టం లేదు. పాల్గొన్న ప్రతి ఒక్కరికీ, స్కోరుతో నిమిత్తం లేకుండా, మా కౌన్సెలర్ గది వేళలు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ మానస్ 14416 నంబరు ఉన్న చీటీ ఇస్తాం. కొందరికి మాత్రమే ఇస్తే తీసుకున్నవాళ్లను మిగతావాళ్లు గుర్తుపడతారు. తక్కువ స్కోరు వచ్చినవాళ్లతో, ముందే అనుమతి తీసుకొని, మేడమ్ విడిగా మాట్లాడతారు.

జనవరి 19

హాస్టళ్లు మళ్లీ నిండాయి. ప్రతి గదిలో ఒక సకినాల డబ్బా. కేరళ నుంచి వచ్చి మా అంతస్తులో ఉంటున్న ఒక విద్యార్థిని, నువ్వులూ వామూ కనబడే ఆ గట్టి చుట్టలను అరచేతిలో పెట్టుకొని చాలాసేపు తిప్పి చూసింది. ఆమె గది సహచరి ఏమీ చెప్పకుండా తన చుట్టను విరిచి సగం ఆమెకిచ్చి, మిగతా సగం తాను కొరికింది. అప్పుడు ఆమె కూడా కొరికింది. ఎవరూ బలవంతం చేయలేదు, ఎవరూ వివరించలేదు.

జనవరి 30

రుచి చూసే రోజు. మాటల్లో చెప్పిన జంకు చేతల్లో ఎంత ఉంటుందో చూడడానికి నాలుగు గిన్నెలు సిద్ధం చేశాం. మక్క గటక (మొక్కజొన్న రవ్వతో వండేది), ఇప్పపువ్వు లడ్డు, బ్రోకలీ వేపుడు, వేయించిన టోఫు (సోయా పాలతో చేసేది) ముక్కలు. గటకకు మక్కరవ్వ కుమార్‌పల్లి మార్కెట్టులో దొరికింది, ఇప్పపువ్వు ఉట్నూరు నుంచి ఒక స్నేహితురాలు తెచ్చింది. సోయా, పల్లీలు, నువ్వులు పడనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని ముందుగానే రాతపూర్వకంగా అడిగాం. ఒకరున్నారు, ఆమెకు రెండు గిన్నెలే పెట్టాం. ప్రతి గిన్నె ముందు, చూసి తినాలనిపించిందా అన్నది ఒక అంకె, ఒక చెంచా తిన్నాక ఎలా ఉంది అన్నది ఇంకో అంకె.

ఉదయం బృందం మొత్తం పనికిరాకుండా పోయింది. ఎనిమిది మందినీ ఒకే పొడుగు బల్ల చుట్టూ కూర్చోబెట్టాం. మొదటి కుర్రవాడు టోఫు నమిలి, "గిదేంది, రబ్బరు లెక్కున్నది" అని మొహం చిట్లించాడు. ఆ తరువాత ఏడుగురూ చెంచా ఎత్తకముందే తక్కువ అంకె రాశారు. అది వాళ్ల నాలుక చెప్పిన అంకె కాదు, పక్కవాడి మొహం చెప్పిన అంకె. ఆ ఎనిమిది కాగితాలను లెక్కలోంచి తీసివేసి, మధ్యాహ్నం నుంచి ఒక్కొక్కరినీ ఒక్కో మూల, గోడవైపు తిరిగి కూర్చోమన్నాం.

మధ్యాహ్నం వచ్చినవాళ్లలో ఒక అమ్మాయి ఇప్పపువ్వు లడ్డును తిన్న తీరు నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. ముందు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎండిన ఇప్పపువ్వుకు పులిసిన ద్రాక్ష వంటి తీపి వాసన ఉంటుంది, తెలియనివారికి అది సారాను గుర్తు చేస్తుంది. ఆమె లడ్డును కింద పెట్టి, నీళ్లు తాగి, మళ్లీ తీసి, గోటితో మినుము గింజంత గిల్లి నాలుక కొసకు తాకించింది. కాసేపు ఆగింది. ఇంకోసారి గిల్లింది, ఈసారి మినుము గింజంత కాదు, శనగ గింజంత. చూసినప్పుడు 2 రాసిన అమ్మాయి, తిన్నాక 5 రాసింది. పక్కన ఎవరైనా "తిను, ఏం కాదు" అని తొందరపెట్టి ఉంటే మొదటి చిటికెడు దగ్గరే ఆగిపోయేదని నా నమ్మకం.

ఇంకొక విద్యార్థి ఏ గిన్నెనూ ముట్టలేకపోయాడు. మెత్తగా, ముద్దగా ఉన్నదేదైనా నోటి దగ్గరికి రాగానే చిన్నప్పటి నుంచీ తనకు డోకు వస్తుందని, బరువు కూడా తగ్గుతున్నానని చెప్పాడు. మేము కొలుస్తున్న జంకు వేరు, వైద్యులు చూడవలసిన ఆహార నిరాకరణ సమస్య వేరు. 2013లో వెలువడిన డీఎస్ఎం-5, అంటే మానసిక వైద్యులు వాడే నిర్ధారణ గ్రంథం, దానికి ప్రత్యేకంగా పేరు పెట్టింది. నిర్ధారణ చేసే అర్హత మాకు లేదు, అతని అనుమతితో మేడమ్ వైద్యుడి దగ్గరికి పంపారు.

ఫిబ్రవరి 10

ఒకసారి రుచి చూసినంత మాత్రాన జంకు పోదు. లియన్ బర్చ్ 1982లో చిన్నపిల్లలతో చేసిన ప్రయోగాల్లో, ఒక ఆహారం ఎన్నిసార్లు ఎదురైతే దాని మీద ఇష్టం అంతగా పెరిగింది. పెద్దవాళ్లలో ఎలా ఉంటుందో చూద్దామని, ఒప్పుకున్న ఆరుగురికి వారానికి రెండుసార్లు మూడు చెంచాల మక్క గటక, మజ్జిగతో పెడుతున్నాం. ఈ రోజు మూడోసారి. నలుగురు మామూలుగా తింటున్నారు, ఒకరు ఉప్పు చాలలేదన్నారు.

జమ్మికుంట దగ్గర పల్లె నుంచి వచ్చిన ఆరో విద్యార్థి మాత్రం గిన్నెను పక్కకు జరిపాడు. గటక అతనికి కొత్త కూడా కాదు, వాళ్ల నాయనమ్మ చేతి వంట. ఎందుకు వద్దన్నావని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తరువాత, "గటక బంద్ జేసి వరన్నం తిన్నప్పుడే మా నాయిన తలెత్తుకున్నడు అక్కా. నేను మళ్ల దాన్నెందుకు ముట్టాలె?" అన్నాడు.

నేను జవాబు చెప్పలేదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చేదాకా ఎన్నో పల్లె ఇళ్లలో వరన్నం పండుగల మాటే. గటక తాగిన ఇల్లు, అన్నం తిన్న ఇల్లు అని ఊరు రెండుగా చూసిన కాలాన్ని అతను తండ్రి నోట విని పెరిగాడు. ఇప్పుడు మేము తెల్లకోటు వేసుకొని, చిరుధాన్యాలూ మక్కలూ ఆరోగ్యానికి మంచివి అంటూ అదే గిన్నె ముందు పెట్టాం.

మనుషులు ఒక తిండిని ఎందుకు వద్దంటారో రోజిన్, ఫాలన్ అనే ఇద్దరు నాలుగు రకాలుగా విడగొట్టారు. రుచి నచ్చకపోవడం, హాని చేస్తుందన్న అనుమానం, ఏవగింపు, అసలు అది తినదగినది కాదన్న భావన. ఇతని మాట ఈ నాలుగింటిలో దేనిలోనూ సరిగా ఇమడదు. మేము దానికి "ఇజ్జత్" అని పేరు పెట్టి, ఐదో గడిగా రాసుకున్నాం. తాడ్వాయి అమ్మాయి సంగతి కూడా ఇదే కావచ్చునేమో అని ఈ రోజు మొదటిసారి అనిపించింది. పనీరు అంటే ఆమెకు జంకు లేకపోయి ఉండవచ్చు, దాన్ని ఎలా తినాలో తెలియదని పదిమందిలో బయటపడడమే ఇష్టం లేకపోయి ఉండవచ్చు.

ఫిబ్రవరి 17

నిన్న జరిగిన సమీక్షలో ఒక సహాధ్యాయి మంచి అభ్యంతరం లేవనెత్తాడు. జంకు ఎక్కువ ఉన్నవాళ్లలో క్షేమం తక్కువగా కనబడినా, జంకు వల్ల క్షేమం తగ్గిందో, దిగులుగా ఉన్నందువల్ల కొత్తదాన్ని నోట పెట్టబుద్ధి కాలేదో, రెండింటికీ ఇంటి బెంగే కారణమో ఒక్కసారి చేసే సర్వే చెప్పలేదు. ఒప్పుకున్నాం. నివేదికలో "వల్ల" అన్న మాట వాడకూడదని, "తో పాటు" అని మాత్రమే రాయాలని ముగ్గురం నిర్ణయించుకున్నాం. హాస్టల్‌లో చేరి ఎన్ని నెలలైంది, ఎవరితో కలిసి తింటారు, ఇంటికి ఎన్ని రోజులకోసారి వెళ్తారు అన్న మూడు ప్రశ్నలు చేర్చాం.

ప్రశ్నావళి చివర, "ఈ మధ్య మీరు వద్దన్న తిండి ఏది? ఎందుకు వద్దన్నారు?" అని అడుగుతూ జవాబుకు ఒక గీత వదిలి ఉంచాం. కిందటి వారం మళ్లీ పన్నెండు మందికి ఇచ్చి చూస్తే, ఏడుగురి రాత ఆ గీత దాటి కాగితం వెనక్కి పోయింది. ఈ రోజు ఆ ఒక్క గీతను తీసివేసి, వెనుక పేజీ మొత్తం ఖాళీగా ఉంచి ప్రతులు తీయించాం. రేపు రాత్రి ఎనిమిదిన్నరకు, భోజనాలయ్యాక, బాలికల హాస్టల్ నుంచి పంచడం మొదలుపెడతాం.